మేరీ వర్త్ బాధితుల సంఘం: తిట్టుకుంటూనే రోజూ చదివేవాళ్లందరూ ఇటు రండి

టాంపా తెలుగోడు

పాత థ్రెడ్‌కి తాళం పడింది. కారణం అందరికీ తెలుసు. విల్బర్ మంచివాడా కాదా అని మొదలైన గొడవ చివరికి హైదరాబాద్ బిర్యానీలో ఆలుగడ్డ వేయొచ్చా అన్న దగ్గర తేలింది. అందుకని కొత్తది తెరుస్తున్నా.

కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కలు. మేరీ వర్త్ అనేది అమెరికా పేపర్లలో 1938 నుంచి ఆగకుండా వస్తున్న బొమ్మల సీరియల్, అంటే కామిక్ స్ట్రిప్. నవ్వించడానికి రాసింది కాదు, సీరియస్ సంసార గాథ, నవ్వంతా మనమే వెతుక్కోవాలి. కాలిఫోర్నియాలో శాంటా రాయల్ అనే ఊరు (గూగుల్ మ్యాప్‌లో వెతక్కండి, దొరకదు), అక్కడ చార్టర్‌స్టోన్ అనే అపార్ట్‌మెంట్లు, అందులో మేరీ అనే తెల్లజుట్టు పెద్దావిడ. భర్త పోయాడు. ఇప్పుడు ఆవిడ ఉద్యోగం ఏమిటంటే ఎవరింట్లో ఏ కష్టం వచ్చిందో వాసన పట్టడం, పిలవకపోయినా వెళ్లడం, చేతిలో మఫిన్లు పెట్టి సలహా చెప్పడం. విన్నవాళ్లు బాగుపడతారు. విననివాళ్ల గతి ఏమవుతుందో ఆల్డో సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

బెజవాడ బుజ్జి

అన్నా, నేను ఈ గ్రూపుకి కొత్త. మీరందరూ తిడుతుంటే ఏమిటా అని నిన్న రాత్రి నెట్‌లో కూర్చుని వరసపెట్టి చాలా చదివాను. నాకు అర్థం కానిది ఒకటే. కథ ఎక్కడ? ఒకావిడ సోఫాలో కూర్చుని మాట్లాడుతోంది, మర్నాడు అదే సోఫా, అదే మాట, కప్పు మాత్రం ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి వచ్చింది. నేను చదివింది సరైన దానినేనా?

టాంపా తెలుగోడు

సరైనదే తమ్ముడూ. కప్పు చెయ్యి మారిందంటే ఆ వారం కథ పరిగెత్తినట్టు లెక్క.

సన్నజాజి

> కథ ఎక్కడ?

బుజ్జీ, నువ్వు వరసపెట్టి చదివావు చూడు, అక్కడే వచ్చింది చిక్కు. దీన్ని అలా చదవకూడదు, రోజుకి ఒకటి చదవాలి, చదివి పేపర్ మడిచి ఆఫీసుకి పోవాలి. రోజుకి రెండు గడులో మూడు గడులో ఉంటాయి. మొదటి గడిలో నిన్నటి సంగతి గుర్తుచెయ్యాలి, ఎందుకంటే నిన్న పేపర్ చూడనివాడు ఉంటాడు. చివరి గడిలో రేపటికి ఒక కొక్కెం వెయ్యాలి. మధ్యలో మిగిలిన జాగా ఎంత? "అంటే నువ్వనేది...?" అనడానికి సరిపోయేంత. పైగా ఆదివారం పేపరు ఒక్కటే తెప్పించుకునేవాళ్లు వేరే ఉంటారు, మామూలు రోజులవే చదివేవాళ్లు వేరే ఉంటారు. కాబట్టి ఆదివారం అసలు కథ కదిలితే ఒకళ్లకి అర్థం కాదు, కదలకపోతే ఇంకొకళ్లకి విసుగు. వాళ్లు ఎప్పుడూ విసుగు వైపే మొగ్గారు. సోమవారం నుంచి శనివారం దాకా జరిగినదంతా ఆదివారం రంగుల్లో మళ్లీ చెప్తారు, పైన ఎవరో మహానుభావుడి సూక్తి ఒకటి అతికిస్తారు.

ఆ సూక్తులు ఉన్నాయి చూశారూ, నాకు అసలు ఎంటర్‌టైన్‌మెంట్ అవే. పాపం ఎప్పుడో గతించిన తత్వవేత్త, తన మాట విల్బర్ శాండ్‌విచ్ తింటున్న బొమ్మ పక్కన పడుతుందని కలలోనైనా అనుకుని ఉండడు.

కరీంనగర్ కుర్రోడు

మస్తు చెప్పినవ్ అక్కా. నా లెక్క ఏందంటే, విల్బర్ ఉన్న రోజు మొదటి గడిలో శాండ్‌విచ్ తినుకుంట బాధపడతడు, రెండో గడిలో బాధపడుకుంట శాండ్‌విచ్ తింటడు. గంతే. బొమ్మ గీసేటోళ్లకి ఆ రోజు సగం పని తప్పినట్టే.

బెజవాడ బుజ్జి

ఈ విల్బర్ ఎవరు మళ్లీ? బట్టతల మీద పక్క జుట్టు అడ్డంగా దువ్వుకున్నాయనేనా?

గోదారి గట్టు

ఆయనే. విల్బర్ వెస్టన్. పేపర్లో "వెండీని అడగండి" అని సలహాల శీర్షిక నడుపుతాడు, వెండీ అనే ఆడపేరుతో. ఊళ్లో జనాల ప్రేమలకీ పెళ్లిళ్లకీ దారి చూపించేది ఈయన. ఇక సొంత సంసారం అంటారా, ఐరిస్ అనే ఆవిడ ఈయన్ని వదిలి తనకంటే బాగా చిన్నవాడితో వెళ్లిపోయింది, తర్వాత ఎస్టెల్ అనే ఆవిడతో కలవడం, విడిపోవడం, కలవడం, విడిపోవడం. ఆ ఎస్టెల్ దగ్గర ఒంటికన్ను పిల్లి ఉంది, పేరు లిబ్బీ, దానికి విల్బర్ అంటే పడదు. మొత్తం సీరియల్లో మనుషుల్ని సరిగ్గా అంచనా వేసే ప్రాణి ఆ పిల్లి ఒక్కటే అని నా ఘంటాపథమైన అభిప్రాయం.

ఈయన ఊరెళ్తే ఆ శీర్షిక మేరీ రాస్తుంది. అంటే ఎదురుగా ఉన్నవాళ్లకి చెప్పింది చాలక కనిపించనివాళ్లకి కూడా.

పాతపేపర్ల శాస్త్రి

కుర్రాళ్లందరూ విల్బర్ దగ్గరే తచ్చాడుతున్నారు. అసలు ఈవిడ పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ చెప్పరేం?

1934లో మార్తా ఆర్ అనే ఆవిడ 'యాపిల్ మేరీ' అని ఒక స్ట్రిప్ మొదలుపెట్టింది. మహా మాంద్యం రోజులు. ఉన్నదంతా పోగొట్టుకున్న ముసలమ్మ వీధిలో యాపిల్ పళ్లు అమ్ముకుంటూ చుట్టుపక్కల వాళ్ల కష్టసుఖాలు చూసేది. 1938లో అది పోయి దాని స్థానంలో మేరీ వర్త్ వచ్చింది. రాసింది ఆలెన్ సాండర్స్, గీసింది డేల్ కానర్, ఇద్దరూ కలిసి "డేల్ ఆలెన్" అని సంతకం పెట్టేవారు. 1942 నుంచి కెన్ ఎర్నెస్ట్ బొమ్మలు. ఆయన చేతిలో మేరీ చిరుగుల శాలువా తీసేసి ముత్యాల దండ వేసుకుంది. ఆ యాపిల్ మేరీ, ఈ మేరీ ఒకరేనా కాదా అని బొమ్మల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటారు. పంపిణీ చేసే కింగ్ ఫీచర్స్ వాళ్లు సంబంధం లేదంటారు, చరిత్రకారులు ఉందంటారు. మన ఫాంటమ్‌నీ మాండ్రేక్‌నీ ఊరూరా పంచిపెట్టిన సంస్థే ఈ కింగ్ ఫీచర్స్.

ఇంకో సంగతి. సాండర్స్ ఉండేది ఒహాయోలో టోలెడో. అదే ఊళ్లో నికొలస్ డాలిస్ అని ఒక సైకియాట్రిస్ట్ ఉండేవాడు. ఆయన 1948లో రెక్స్ మోర్గన్ అనే డాక్టరు కథ, 1952లో జడ్జ్ పార్కర్, 1961లో అపార్ట్‌మెంట్ 3-జి మొదలుపెట్టాడు. అంటే అమెరికాని దశాబ్దాల పాటు పొద్దున్నే ఏడిపించిన సంసార గాథల్లో సగం ఆ ఒక్క ఊరి చలవే. ఆ ఊరి నీళ్లలో ఏముందో.

సన్నజాజి

శాస్త్రి గారూ, సైకియాట్రిస్ట్ రాశాడంటే అర్థమైంది. పేషెంట్లు చెప్పినదే మళ్లీ మళ్లీ చెప్తుంటే వినీ వినీ అలవాటైపోయి ఉంటుంది.

టాంపా తెలుగోడు

సరే ఇక ఆల్డో. ఇది 2006 నాటి సంగతి. అప్పట్లో చదివిన మాలాంటి వాళ్లకి ఇది పురాణం.

ఆల్డో కెల్‌రాస్ట్ అనే ఆయన చార్టర్‌స్టోన్‌లో దిగుతాడు. పొట్టి, బుర్ర మీసం, పాత పిల్లల టీవీ షోలో కెప్టెన్ కంగారూ అని ఒక తాత వేషం ఉండేది, అచ్చు అదే పోలిక. మేరీ మీద మనసు పడతాడు. మేరీకి అప్పటికే డాక్టర్ జెఫ్ కోరీ అని స్నేహితుడు ఉన్నాడు. ఈయన వినడు, ఎక్కడికెళ్తే అక్కడ ప్రత్యక్షం. నవ్వుతూనే ఉంటాడు, ఆ నవ్వు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు అక్షరాలు తారుమారు చేస్తే "స్టాకర్" అని వస్తుంది, అంటే వెంటపడి వేధించేవాడు! రాసినావిడ కావాలని పెట్టిందే అది, వేరే దారి లేదు.

మేరీ ఏం చేస్తుంది? పోలీసుల దగ్గరికి వెళ్లదు. చార్టర్‌స్టోన్ వాళ్లందరినీ పోగేసి పంచాయితీ పెడుతుంది. అందరూ వరసగా నిలబడి ఆల్డోకి నువ్వు చేస్తున్నది తప్పు అని చెప్తారు. ఆయన ఇంటికెళ్లి తాగి, కారెక్కి, కొండ మీంచి లోయలో పడి చచ్చిపోతాడు. మఫిన్లు తినిపించే సీరియల్లో! అప్పుడు నెట్‌లో జనం చేసిన గోల ఇంతా అంతా కాదు. రోజువారీ స్ట్రిప్పుల మీద జోకులేసే జోష్ ఫ్రూలింగర్ బ్లాగు 2004లో మొదలైంది, ఆల్డో పుణ్యమా అని అక్కడ జాతరే. పేపర్లో ఎవరూ పట్టించుకోకుండా మూల పడి ఉన్న స్ట్రిప్‌కి కుర్ర పాఠకులు ఎగబడ్డారు, అందరూ తిట్టడానికే.

లలిత డాలస్

టాంపా గారూ, మీరు పురాణం అంటున్నారు, నాకు మాత్రం ఆ కథ నవ్వొచ్చేది కాదు. వద్దన్నా వెంటపడే మగాడు ఎవరికైనా తగిలితే తెలుస్తుంది. నవ్వాల్సింది ఆల్డోని చూసి కాదు, రాసినవాళ్లు దాన్ని తేల్చిన పద్ధతి చూసి. ఆడమనిషి "వద్దు" అంటే సరిపోదు, అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగ్ పెట్టాలి, అప్పటికీ కాకపోతే కొండ రావాలి. సమస్య తీరింది, ఎవరి చేతికీ మరక అంటలేదు.

టాంపా తెలుగోడు

ఒప్పుకుంటా లలిత గారూ, మొదట చదివినప్పుడు ఆ కోణం ఎవరూ మాట్లాడలేదు. కానీ కొండ మాత్రం... అంత నిదానంగా నడిచే సీరియల్లో ఆ కారు ఒక్కటే వేగంగా వెళ్లింది కదండీ.

కరీంనగర్ కుర్రోడు

ఆల్డో గురించి నాకొక డౌటు. పంచాయితీ పెట్టి తప్పు చెప్పుడు, గది మనూళ్లల్ల రోజూ జరిగేదే కద. మనకు గది వింత అనిపించకపోవుడే అసలు వింత.

గోదారి గట్టు

నేను ఓపెన్‌గా అడుగుతున్నా, ఆ సాల్మన్ స్క్వేర్స్ ఎవరైనా వండి చూశారా? మేరీ ఎవరింటికి వెళ్లినా ఒకప్పుడు అవే. చేపని ముద్ద చేసి, పళ్లెంలో పరిచి, బేక్ చేసి, చదరంగా కోసి పెట్టడం. పులస కోసం పుస్తెలమ్మిన ఊరివాణ్ణి, చేపకి మూలలు ఉంటాయని నాకు ఎవరూ చెప్పలేదు.

సన్నజాజి

గోదారి గారూ, ఆ బొమ్మ చూశాక నాకు రెండు రోజులు చేప సహించలేదు. జో గియెల్లా గీసినప్పుడు ఏ తిండైనా ఒకటే రంగు. పళ్లెంలో ఉన్నది చేపో, కేకో, సబ్బు బిళ్లో చదివి తెలుసుకోవాలి.

బొమ్మలబాబు

కాస్త ఆగండి, గియెల్లా గారిని ఏమన్నా అంటే నేను ఊరుకోను. ఆయన 1950లు, 60లలో డీసీ కామిక్స్‌లో బ్యాట్‌మ్యాన్‌కీ ఫ్లాష్‌కీ సిరా వేసిన మనిషి. 1991 నుంచి 2016 దాకా మేరీ వర్త్ గీశారు. దిగిపోయేనాటికి ఎనభై ఏళ్లు బాగా దాటాయి, 2023లో పోయారు. అంత వయసులో రోజూ గడువు తప్పకుండా బొమ్మ ఇవ్వడం ఎంత పని తెలుసా? పేపర్లలో ఈ స్ట్రిప్పులకి ఇచ్చే జాగా ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోయింది, తపాలా బిళ్ల కంటే కాస్త పెద్ద గడిలో రెండు తలకాయలు, వాటి పైన మాటల బుడగ, ఇంక చెయ్యి ఎక్కడ పెట్టాలి? అందుకే అందరూ భుజాల దాకానే కనిపిస్తారు. కెన్ ఎర్నెస్ట్ రోజుల్లో ఒక గడిలో గది మొత్తం, కిటికీ, కిటికీలోంచి వీధి, వీధిలో కారు కనిపించేవి, అప్పుడు ఇచ్చిన వెడల్పు అది. పాత స్ట్రిప్పులు కామిక్స్ కింగ్‌డమ్ సైట్లో ఉన్నాయి, చూస్తే మతిపోతుంది.

2016 నుంచి జూన్ బ్రిగ్‌మన్. ఆవిడ 1984లో మార్వెల్‌లో పవర్ ప్యాక్ అనే పిల్లల సూపర్‌హీరో జట్టుని సృష్టించిన ఇద్దరిలో ఒకరు, ఆ తర్వాత పదిహేనేళ్ల పైన బ్రెండా స్టార్ అనే పేపర్ స్ట్రిప్ గీసింది. ఆవిడ వచ్చాక మొహాల్లో ప్రాణం వచ్చింది. విల్బర్ ఏడుపు చూడండి, కింది పెదవి ముందుకొచ్చి, కళ్లు గుండ్రంగా అయి, గడ్డం గొంతులో కలిసిపోయి, ఇదంతా రెండు అంగుళాల్లో. మీరు నవ్వుతున్నారంటే ఆవిడ అంత బాగా గీయబట్టే. లిబ్బీ పిల్లి చెవులు వెనక్కి వాలిన తీరు చూస్తే పిల్లిని పెంచినవాళ్లెవరికైనా తెలుస్తుంది, ఇంకో క్షణంలో గోళ్లు పడతాయని.

సన్నజాజి

బాబు గారూ, సబ్బు బిళ్ల మాట వెనక్కి తీసుకోను గానీ మిగతాదంతా నిజం.

మోడరేటర్

నాలుగు మాటలు. స్ట్రిప్పులని పూర్తిగా ఫొటో తీసి ఇక్కడ పెట్టకండి, కాపీరైట్ గొడవ. లింకు ఇవ్వండి చాలు. రెండోది, కొత్త స్ట్రిప్ అమెరికాలో అర్ధరాత్రి దాటాక వస్తుంది, అప్పటికి ఇండియాలో ఆఫీసు టైమ్. ఇండియా సభ్యులు చదివేసి ఇక్కడ కథ చెప్పేస్తున్నారని అమెరికా సభ్యుల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. వాళ్లు నిద్రలేచేదాకా ఆగండి. మూడోది, బిర్యానీ ప్రస్తావన తెస్తే ఈ థ్రెడ్ కూడా మూసేస్తాను.

కరీంనగర్ కుర్రోడు

సార్, రెండో రూల్ అన్యాయం. ఏం జరగని దానికి స్పాయిలర్ ఏందిర భై.

లలిత డాలస్

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంది. ఇంగ్లీషు పేపర్ బొమ్మలు చూస్తుంటే నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను, సరదాకి. ఇప్పుడు పొద్దున్నే "ఏమైందే ఆవిడ సంగతి" అని నన్నే లేపుతోంది. మనం అందరం మేరీని వెటకారం చేస్తామా, అమ్మ పూర్తిగా ఆవిడ పక్షం. "ఆవిడ లేకపోతే ఆ వాటాల్లో ఒక్క సంసారం నిలబడేది కాదు, మీకేం తెలుసు" అంటుంది.

టామీ కథ చెప్పాను, ఐరిస్ కొడుకు, మత్తుమందులు అమ్మి జైలుకెళ్లినవాడు. మేరీ వాణ్ణి వెలివెయ్యలేదు, తిరిగొచ్చాక మామూలుగా మాట్లాడింది అంటే అమ్మ చాలాసేపు ఏం అనలేదు, తర్వాత మా ఊళ్లో ఒకళ్లింటి పిల్లాడి విషయం ఎత్తింది. ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదట. ఎస్టెల్‌ని ఆన్‌లైన్‌లో ప్రేమ పేరుతో ఒకడు డబ్బులు గుంజి మోసం చేసిన కథ వచ్చినప్పుడు మాత్రం "మీ పిన్నికి కూడా చెప్పు, ఫోన్లో ఎవడో మేజర్‌నంటూ మెసేజులు పెడుతున్నాడట" అంది.

డాక్టర్ జెఫ్ ఎన్నిసార్లు అడిగినా మేరీ పెళ్లికి ఒప్పుకోదు కదా, అది అమ్మకి నచ్చదేమో అనుకున్నా. "ఎందుకు చేసుకోవాలి? వారానికోసారి హోటల్‌కి తీసుకెళ్తున్నాడు, తిని ఎవరింటికి వాళ్లు వస్తున్నారు. పెళ్లయితే ఆ హోటలూ ఉండదు, పొద్దున్నే ఆయన కాఫీ ఒకటి" అంది. నాన్న పక్క గదిలోనే ఉన్నారు.

టాంపా తెలుగోడు

అమ్మగారిని ఈ సంఘానికి గౌరవాధ్యక్షురాలిగా ప్రతిపాదిస్తున్నా. ఆ హోటల్ పేరు బమ్ బోట్ అని చెప్పండి, పేరు వింటే ఇంకో రెండు ముక్కలు అంటారు.

బెజవాడ బుజ్జి

నేను ఇప్పుడు విల్బర్ ఓడ మీంచి పడ్డ దగ్గరున్నా. ఆగలేకపోతున్నా. ఎస్టెల్‌తో ఓడలో షికారుకెళ్లి, తాగి, గొడవపడి, సముద్రంలో పడ్డాడు! పోయాడనుకుని ఇక్కడ అందరూ ఏడుస్తున్నారు. నిజంగా పోయాడా?

గోదారి గట్టు

తమ్ముడూ, విల్బర్ పోతే శాండ్‌విచ్‌లు ఎవరు తింటారు. ప్రాణాలతో తిరిగొస్తాడు. ఆల్డోకి కొండ మీంచి పడితే చావు, ఈయనకి సముద్రం మధ్యలో పడితే గుండు సూది గుచ్చుకున్నంత కూడా కాలేదు. అందరూ కన్నీళ్లు పెట్టుకున్నాక వస్తే మర్యాద ఇంకాస్త పెరుగుతుంది కదా.

సన్నజాజి

అప్పుడు మన పాత థ్రెడ్‌లో జరిగిన సంతాప సభ గుర్తుందా? ఒకరు మయోనీజ్‌తో తద్దినం పెట్టమన్నారు, ఒకరు పిండం ముట్టేది కాకి కాదు, లిబ్బీ రావాలి, అది ఎటూ ముట్టదు అన్నారు.

సరే, విల్బర్ ఊళ్లో లేడనుకుని వెండీ గారికి మనమే ఉత్తరాలు రాద్దాం. నేను మొదలుపెడతా.

"వెండీ గారికి నమస్కారాలు. మా ఆడపడుచు ప్రతి పండక్కి వచ్చి వారం ఉంటానని చెప్పి నెల ఉంటోంది. ఏం చెయ్యమంటారు?"

కరీంనగర్ కుర్రోడు

"వెండీ మేడమ్‌కు, నాకు పెండ్లి సంబంధం చూస్తున్నరు. పిల్ల మంచిగుంది. కాని వాళ్ల నాయిన మా నాయినతోని చిన్నప్పుడు కబడ్డీల కొట్లాడిండట, ఇప్పటిదాంక మాటల్లేవ్. మీరు ఒక్కసారి వచ్చి మాట్లాడతరా? చికెన్ కోస్తం."

గోదారి గట్టు

ఇద్దరికీ వెండీ గారి జవాబు: "ప్రియమైన పాఠకులారా, మీ బాధ నాకు అర్థమైంది. నాకూ ఇలాంటిదే జరిగింది. అప్పుడు నేను చాలా బాధపడ్డాను. ఎంత బాధపడ్డానంటే..." మిగతా పేజీ అంతా ఆయన బాధే. చివర్లో: "కాబట్టి ధైర్యంగా ఉండండి. ఏదైనా తినండి."

పాతపేపర్ల శాస్త్రి

మీరు చేస్తున్న ఈ వెటకారం కొత్తదని అనుకోకండి. 1957లో ఆల్ క్యాప్ అనే ఆయన తన లిల్ ఆబ్నర్ స్ట్రిప్‌లో "మేరీ వర్మ్" అని ఒక పాత్రని దించాడు. వర్మ్ అంటే పురుగు. ఊళ్లోవాళ్ల వ్యవహారాల్లో తలదూర్చే పెద్దావిడ. దానికి సాండర్స్, ఎర్నెస్ట్ ఊరుకున్నారా? మేరీ వర్త్‌లో "హాల్ రాప్" అని పొగరుబోతు తాగుబోతు కార్టూనిస్టుని తెచ్చారు. పాఠకులు రెండు జట్లుగా చీలిపోయారు, పత్రికలు కూడా ఇదేదో పెద్ద పోరాటమని రాశాయి. చివరికి తేలిందేమిటంటే రెండు వైపులవాళ్లూ మిత్రులే, ముందే మాట్లాడుకుని ఆడిన నాటకం.

అందుకే నాకు ఆల్డో పేరు విషయంలో ఆశ్చర్యం లేదు. ఈ స్ట్రిప్ తన మీద పడే నవ్వుని ఎప్పుడో లెక్కలో వేసుకుంది.

సన్నజాజి

దీని మీదే కదా శాస్త్రి గారూ మనకి ఎప్పుడూ పేచీ. 1957 వాళ్లు నాటకం ఆడారు, సరే. కానీ ఆలెన్ తర్వాత రాసిన ఆయన కొడుకు జాన్ సాండర్స్ 2003లో పోయాక కరెన్ మోయ్ రాస్తోంది. ఆవిడ మన కోసం కన్ను గీటుతోందా, లేక నిజంగానే మనసుపెట్టి రాస్తోందా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. కన్ను గీటేవాళ్లు రాస్తే ఇంత బాగా నవ్వు రాదు. కావాలని చెత్తగా తీసిన సినిమా పది నిమిషాలకి విసుగొస్తుంది, ప్రాణం పెట్టి తీసిన చెత్త సినిమా చివరిదాకా కూర్చోబెడుతుంది.

బొమ్మలబాబు

నేను మధ్యే మార్గం. మేరీ విషయంలో నిజాయితీ, విల్బర్ విషయంలో కన్ను గీటడం. ఆ మనిషికి అన్ని అవమానాలు ఊరికే రాయరు. జనం ఎక్కడ నవ్వుతున్నారో వాళ్లకి తెలుసు, అక్కడికే మళ్లీ తీసుకొస్తున్నారు.

కరీంనగర్ కుర్రోడు

అపార్ట్‌మెంట్ 3-జి గిట్ల యాది చేసుకోండి. అది మాత్రం కన్ను గీటలే, కన్నే మూసింది.

టాంపా తెలుగోడు

అబ్బా, గుర్తుచెయ్యకు. బుజ్జీ, ఇది నీకు తెలియాలి. న్యూయార్క్ మాన్‌హట్టన్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండే ముగ్గురు అమ్మాయిల కథ, మార్గో, లూ ఆన్, టామీ (ఈ టామీ వేరు, నర్సమ్మ). 1961 నుంచి వచ్చింది. చివరి రోజుల్లో ఎంత చిత్రంగా తయారైందంటే, మాటల్లో వీళ్లు ఇంట్లో ఉంటారు, బొమ్మలో వెనకాల వీధి కనిపిస్తుంది. ఎవరు ఎవరో పోల్చుకోలేం. అందరూ ఎక్కడో నిలబడి ఉంటారు, వెనకాల ఏదో బిల్డింగ్, మార్గో ఊళ్లు పట్టి తిరుగుతూ ఉంటుంది, ఎందుకో తెలీదు. మేము రోజూ సిద్ధాంతాలు కట్టేవాళ్లం, ఇదంతా కల అని ఒకడు, ముగ్గురూ ఎప్పుడో చచ్చిపోయి దయ్యాలై తిరుగుతున్నారని ఇంకొకడు. దయ్యాల సిద్ధాంతం అన్నిటికీ సరిగ్గా సరిపోయేది!

2015 నవంబర్‌లో ఆగిపోయింది. చాలా ముడులు విప్పనే లేదు.

అప్పటిదాకా రోజూ తిట్టినవాళ్లందరూ మర్నాడు పొద్దున్న సైట్ తెరిచి ఏం చెయ్యాలో తోచక కూర్చున్నారు. ఒకాయన అయితే "ఇప్పుడు నేను ఎవరిని తిట్టాలి" అని రాశాడు, దాని కింద ఎవరూ జోకెయ్యలేదు. ఆ వారం అందరూ మేరీ వర్త్ మీద పడ్డారు, అప్పటికే చదువుతున్న మేమంతా సీనియర్లమని పోజు కొట్టాం.

లలిత డాలస్

2022లో లీ ఎంటర్‌ప్రైజెస్ అనే పేపర్ల కంపెనీ వాళ్లు తమ పేపర్లలో కామిక్స్ పేజీని బాగా కుదించేసినప్పుడు కూడా ఇదే భయం. మా పేపర్లో పోలేదు గానీ, ఏ పొద్దున్న ఖాళీ గడి కనిపిస్తుందో అని టెన్షన్. పేపర్ ఆఫీసుకి ఉత్తరం రాద్దామనుకున్నా, ఏమని రాయాలి? "అయ్యా, మీ స్ట్రిప్ భరించలేకుండా ఉంది, దయచేసి ఆపకండి" అనా?

పాతపేపర్ల శాస్త్రి

అలాగే రాయండమ్మా. నేనూ సంతకం పెడతాను.

గోదారి గట్టు

నేనూ. సాల్మన్ స్క్వేర్స్ మీద మాత్రం అభ్యంతరం నమోదు చెయ్యాలి.

బెజవాడ బుజ్జి

సంతకాలు తర్వాత పెట్టుకుందురు గానీ, వచ్చే కథ ఎవరిదో పందెం వేద్దామా? నా పందెం విల్బర్ కూతురు డాన్ మీద. కొత్త కుర్రాడు పరిచయం అవుతాడు, బాగుంటాడు, నెలన్నర తర్వాత వాడికి ఇంకో అమ్మాయి ఉందని తెలుస్తుంది, మేరీ మఫిన్ పెడుతుంది.

సన్నజాజి

చూశారా, మొన్నటిదాకా కథ ఎక్కడ అన్నవాడు ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాడు. నాది ప్రొఫెసర్ ఇయన్ మీద. భార్య టోబీ ఏదో మాట అంటుంది, ఆయన గడ్డం నిమురుకుంటూ అలుగుతాడు, ఆరు వారాలు.

కరీంనగర్ కుర్రోడు

నాది లిబ్బీ మీద. విల్బర్‌ను గీరుతది. ఇగ గది కథ కాదు, న్యాయం.

లలిత డాలస్

అమ్మ పందెం: జెఫ్ మళ్లీ పెళ్లి మాట ఎత్తుతాడు, ఈవిడ మళ్లీ వద్దంటుంది, "శుభ్రంగా ఉంటుంది."

బెజవాడ బుజ్జి

ఇవాళ్టిది వచ్చేసింది. కొత్త కథ ఇంకా మొదలవలేదు. మేరీ సోఫాలో కూర్చుంది, ఫోన్ మోగింది, ఎవరో ఏమిటో చెప్పలేదు.

టాంపా తెలుగోడు

ఒరేయ్ బుజ్జీ!! ఇక్కడ తెల్లవారుజాము నాలుగైంది, బాత్రూమ్‌కి లేచి ఫోన్ చూశాను. స్పాయిలర్ వెయ్యొద్దన్నారా లేదా? ఫోన్ మోగడం నేనే చదివి తెలుసుకునేవాణ్ణి కదరా.

మోడరేటర్

బుజ్జి గారికి మొదటి హెచ్చరిక. ఫోన్ చేసింది ఎస్టెల్ అయి ఉంటుంది.